షెడ్డులో నిలబెట్టినా పాతబడే కారు

మీ ఇంట్లోనో, తాతగారింట్లోనో పాత కుట్టు మిషను ఒకటి ఉండే ఉంటుంది. ఏళ్ళ తరబడి మూలనపడి, దుమ్ము కొట్టుకుపోయినా ఫరవాలేదు. దుమ్ము తుడిచి, రంధ్రాల్లో నాలుగు చుక్కలు నూనె వేసి తొక్కితే టకటకమంటూ కుట్టేస్తుంది. ఇప్పుడు అదే ఇంట్లో సొరుగులు వెతకండి. ఆరేడేళ్ళ కిందట పక్కన పడేసిన సెల్ ఫోను దొరుకుతుంది. దాన్ని ఎవరూ వాడలేదు, కింద పడెయ్యలేదు. అయినా ఛార్జి పెడితే నిలవదు. ఒక్కొక్కప్పుడు అసలు ఎక్కనే ఎక్కదు.

కుట్టు మిషను వాడితే అరుగుతుంది. ఫోను బ్యాటరీ వాడకపోయినా పాతబడుతుంది. ఈ తేడా మన సొరుగులో ఉన్నంతవరకు పెద్ద నష్టం లేదు. కాని ఇప్పుడది కోట్ల రూపాయల కార్లలోకి వచ్చిపడింది. 'ఇరవై ఏళ్ళ తరవాత దీన్ని ఎవరైనా కొంటారా?' అని వాటి యజమానులు తలలు పట్టుకుంటున్నారు.

సూపర్ కారు అంటే పందెపు కారుకు దగ్గర చుట్టం. గంటకు 300 కిలోమీటర్లు దాటి పోగలదు. కొన్నవాళ్ళలో చాలామంది దాన్ని నడపటం కంటే దాచటమే ఎక్కువ. ఇంగ్లండులోని మెక్‌లారెన్ కంపెనీ 1992 నుంచి 1998 వరకు 'ఎఫ్1' అనే కారును తయారుచేసింది. మొత్తం 106 మాత్రమే. 12 సిలిండర్ల పెట్రోలు ఇంజను. కొత్తలో దాని ధర సుమారు 5,40,000 పౌండ్లు. 2021 ఆగస్టులో అమెరికాలోని కాలిఫోర్నియాలో అలాంటిది ఒకటి వేలానికి వచ్చి, 2 కోట్ల 4 లక్షల డాలర్లకు పైగా పలికింది. అప్పటి లెక్కన సుమారు 150 కోట్ల రూపాయలు! తమాషా ఏమంటే, ఆ కారు పాతికేళ్ళలో 400 కిలోమీటర్లు కూడా తిరగలేదు. తిరగలేదు కాబట్టే అంత ధర. నిలబెట్టి ఉంచటమే లాభసాటి వ్యాపారమైందన్నమాట.

2013లో అదే కంపెనీ 'పి1' అనే కారును తెచ్చింది. ఇంచుమించు అదే రోజుల్లో ఇటలీ నుంచి 'లా ఫెరారీ', జర్మనీ నుంచి 'పోర్షే 918' వచ్చాయి. ఈ మూడూ హైబ్రిడ్ కార్లు. అంటే పెట్రోలు ఇంజనుకు తోడు విద్యుత్ మోటారు, దానికి ఒక లిథియం అయాన్ బ్యాటరీ కూడా ఉంటాయి.

అంత బలమైన ఇంజను ఉండగా మళ్ళీ మోటారెందుకు? ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు దాని బలం తక్కువ. పి1 ఇంజనుకు టర్బో ఉంది. బయటికి పోయే పొగ తోసే తోపుతో తిరిగి, ఇంజనులోకి ఎక్కువ గాలిని కొట్టే పంకా అది. ఆ పంకా వేగం అందుకోవటానికి క్షణకాలం పడుతుంది. మోటారుకు ఆ బాధ లేదు. మీట నొక్కిన మరుక్షణం పూర్తి బలంతో లాగుతుంది. ఇంజను ఊపందుకునే లోపు ఆ లోటును మోటారు పూరిస్తుందన్నమాట.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. పి1 బ్యాటరీలో పట్టే విద్యుత్తు 4.7 కిలోవాట్ అవర్లు. మీ ఇంటి కరెంటు బిల్లులో 'యూనిట్' అని రాసి ఉంటుందే, అదే ఇది. అంటే బ్యాటరీలో ఉన్నది అయిదు యూనిట్లు కూడా కాదు. మోటారు సామర్థ్యమో, 131 కిలోవాట్లు. పూర్తి బలంతో గంటసేపు తిరగాలంటే దానికి 131 యూనిట్లు కావాలి. మరి 4.7 యూనిట్లు ఎంతసేపు వస్తాయి? 4.7ను 131తో భాగించి, 60తో గుణించండి. రెండు నిమిషాల పైచిలుకు, అంతే! మీ ఫోను బ్యాటరీ ఉదయం నుంచి రాత్రి వరకు తాపీగా ఖర్చయ్యేది. ఈ బ్యాటరీ రెండు నిమిషాల్లో తన దగ్గరున్నదంతా కుమ్మరించగలగాలి.

తీగలో విద్యుత్తు రెట్టింపయితే పుట్టే వేడి నాలుగింతలవుతుందని పాఠంలో చదువుకునే ఉంటారు. బ్యాటరీలో కూడా అంతే. అందుకే దాన్ని చల్లబరచటానికి కార్లో ప్రత్యేకమైన ఏర్పాటు పెట్టారు. వేడి అంటే బ్యాటరీకి గిట్టదు.

ఎందుకు గిట్టదో తెలియాలంటే లోపలికి తొంగి చూడాలి. లిథియం బ్యాటరీలో ఒక పక్క గ్రాఫైటు, ఇంకో పక్క ఒక లోహపు ఆక్సైడు, మధ్యలో ఒక ద్రవం ఉంటాయి. ఛార్జి పెట్టేటప్పుడు లిథియం అయానులు ఈదుకుంటూ వచ్చి గ్రాఫైటు పొరల మధ్య దూరి కూర్చుంటాయి. వాడేటప్పుడు తిరిగి ఆక్సైడు వైపుకు పోతాయి. అయితే గ్రాఫైటును తాకిన చోట ఆ ద్రవం కొద్దికొద్దిగా విరిగిపోయి, పలచని పొర కడుతుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది చూడండి, ఇంచుమించు అలాగ. మొదట్లో ఆ పొర మేలే చేస్తుంది. మిగిలిన ద్రవం చెడకుండా అడ్డు నిలుస్తుంది. కాని అది పెరగటం ఆగదు. పెరిగినప్పుడల్లా కొంత లిథియం అందులో చిక్కుబడిపోతుంది. చిక్కుబడిన లిథియం ఇక పనికి రాదు.

మన గిన్నెలో నీళ్ళు కాస్తేనే పొర కట్టేది. బ్యాటరీలో మాత్రం పొయ్యి వెలిగించకపోయినా కడుతూనే ఉంటుంది. నిండా ఛార్జి చేసి వెచ్చని చోట ఉంచితే మరీ త్వరగా కడుతుంది. పోనీ, ఛార్జి లేకుండా వదిలేద్దామా? మరీ ఖాళీ అయిపోతే లోపలి రాగి రేకు కరగటం మొదలుపెట్టి బ్యాటరీ పూర్తిగా పాడవుతుంది. కాబట్టి ఈ కార్ల వాళ్ళు బండిని షెడ్డులో పెట్టి, దానికి ఛార్జరు తగిలించి ఉంచాల్సి వస్తుంది.

పెట్రోలు కారును నిలబెడితే ఏమీ కాదని కాదు సుమా! టైర్లు బిరుసెక్కుతాయి, రబ్బరు గొట్టాలు పగుళ్ళు తీస్తాయి, పాత పెట్రోలు జిగురు కడుతుంది. కాని వీటన్నిటినీ మార్చవచ్చు. పిస్టను పోయినా, కొలతలు తీసుకుని కొత్తది చేయించవచ్చు. నేర్పరి అయిన పనివాడు, మంచి లేత్ మిషను ఉంటే చాలు. బ్యాటరీని లేత్ మీద చేయలేం. దానికి ఫ్యాక్టరీ కావాలి, రసాయనాలు కావాలి, కొత్త బ్యాటరీని కారులోని కంప్యూటరు ఒప్పుకోవాలి.

ఆ మాటకొస్తే మన ఎఫ్1కు కూడా కంప్యూటరు బాధ తప్పలేదు. దానికి మరమ్మతు చేయాలంటే 1990ల నాటి కాంపాక్ ల్యాప్‌టాప్ కంప్యూటరు ఉండాల్సి వచ్చేది. ఈ కారు కోసమే చేసిన కార్డు ఒకటి అందులో పెడితేనే కారుతో మాట కలిసేది. కోట్ల ఖరీదు చేసే కారు కోసం, ఎవరూ ఉచితంగా ఇచ్చినా పుచ్చుకోని కంప్యూటర్లను దాచిపెట్టుకున్న సంగతి 2016లో పత్రికలకెక్కింది.

ఇక ధరల మాట. ఫెరారీ కంపెనీ 2019లో 'ఎస్‌ఎఫ్90' అనే హైబ్రిడ్ కారును తెచ్చింది. వేగంలో దానికి వంక పెట్టేవాళ్ళు లేరు. అయినా సెకండ్ హ్యాండ్‌లో కొన్న ధర కంటే బాగా తక్కువకే పోతున్నది. అదే కంపెనీ 2021లో తెచ్చిన '812 కాంపిటీషియొనే' ఉత్త పెట్రోలు కారు. అది కొన్న ధరను మించి అమ్ముడవుతున్నది. చూశారా, బ్యాటరీ ఎంత పని చేసిందో అనిపిస్తుంది. కాని తొందరపడకండి. 812 కార్లు 999 మాత్రమే చేస్తామని కంపెనీ ముందే చెప్పింది. ఎస్‌ఎఫ్90కు అలాంటి హద్దు లేదు. ప్రయోగశాలలో ఒకేసారి రెండు మార్పులు చేసి, ఫలితం దేని వల్ల వచ్చిందంటే ఏం చెప్పగలం? లా ఫెరారీ సంగతి చూడండి. అదీ హైబ్రిడే, దానిలోనూ బ్యాటరీ ఉంది. మొదట చేసినవి 499. 2016లో ఇటలీ భూకంప బాధితుల సహాయార్థం ఇంకొకటి చేస్తే, వేలంలో 70 లక్షల డాలర్లు వచ్చాయి. మిగతావి కూడా కొన్న ధర కంటే ఎక్కువకే పోతున్నాయి. అంటే అరుదైన కారైతే బ్యాటరీ భయాన్ని కూడా జనం దిగమింగుతారని తేలుతున్నది. అరుదు కానిదానికే చిక్కంతా.

భయం ఎక్కడుందంటే, బ్యాటరీ మార్చటానికి ఎంతవుతుందో తెలియకపోవటంలో ఉంది. కొనేవాడు ఆ తెలియని ఖర్చును ఎక్కువగానే ఊహించుకుని, అంత మేరకు ధర తగ్గించి అడుగుతాడు. ఈ సంగతి కంపెనీలకూ తెలుసు. 2024లో ఫెరారీ తన హైబ్రిడ్ కార్లకు ఒక పథకం పెట్టింది. ఏటా సుమారు 7,000 యూరోలు కడుతూ పోతే ఎనిమిదో ఏట ఒకసారి, పదహారో ఏట ఇంకోసారి బ్యాటరీ మారుస్తారు. రుసుము తక్కువేమీ కాదు. కాని తెలియని ఖర్చు కాస్తా తెలిసిన ఖర్చు అయింది. పైగా ఎనిమిదేళ్ళ తరవాత వచ్చే బ్యాటరీ పాతదాని కంటే మెరుగైనదే కావచ్చు.

ఎస్‌ఎఫ్90 బ్యాటరీలో 7.9 యూనిట్లు పడతాయి. మోటార్లన్నీ కలిపి 162 కిలోవాట్లు. పూర్తి బలంతో తిప్పితే ఆ బ్యాటరీ ఎన్ని నిమిషాలు వస్తుందో, పి1తో పోలిస్తే దాని మీద బరువు ఎక్కువో తక్కువో మీరే లెక్క కట్టి చూడండి.