విదేశ విద్యకు దళారులు

విదేశ విద్యాలయములలో స్థానము సంపాదించి పెట్టెదమనెడు సలహాదారులలో నమ్మదగినవారెవరని తలిదండ్రులు మమ్మడుగుచుందురు. మేము ముందుగా విచారింపుమనునది యొక్కటే: ఈతనికి సొమ్మిచ్చువారెవరు? పెక్కు విద్యాలయములు తాము చేర్చుకొనిన విద్యార్థి కింతయని సలహాదారునకు ముట్టజెప్పుచుండును. ఇది రహస్యము గాదు. అడిగినపుడు దాచువానిని మాత్రము నమ్మరాదు.

అమెరికాలో మిచిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమనునది యొకటి యుండెను. అందు తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు. అది అచ్చటి ప్రభుత్వాధికారులు పన్నిన వల. 2019 జనవరిలో గుట్టు బయటపడగా, రుసుము గొని విద్యార్థులను చేర్చిన ఎనమండుగురిపై నేరము మోపబడెను. వారు తెలుగువారే, చేరినవారిలోను మనవారు పెక్కుమంది. పాఠమే లేనిచోట జీతము కట్టుచు ఊరకుండిన విద్యార్థులను బొత్తిగా అమాయకులని మేమనజాలము.

విచిత్రమేమనగా, ఆ విద్యాలయము పేరు గుర్తింపు పట్టికలో సైతము కానవచ్చెను. కావున పట్టిక చూచి తృప్తిపడరాదు. అచ్చట చదువుచున్న ఇరువురు మువ్వురతో మాటలాడి, ఏ పాఠము జరుగుచున్నది, చెప్పువారెవరు అని అడుగవలెను. విద్యాలయము వ్రాయు ఉత్తరములు నేరుగా బిడ్డకే చేరవలెను. అసలు యోగ్యతాపత్రములను సలహాదారునియొద్ద విడువకుడు, నకళ్లు చాలును.