పార్కిన్సన్స్ ఉన్నవారికి నాటకమా?

అపోహ: చెయ్యి వణికితేనే పార్కిన్సన్స్.

వాస్తవం: 1817లో జేమ్స్ పార్కిన్సన్ దీన్ని వణుకుతో కూడిన పక్షవాతంగా వర్ణించాడు. జనం మనసులో ఆ వణుకే నిలిచిపోయింది. నిజానికి కొందరిలో వణుకే ఉండదు. కదలికలు మందగించడం అసలు గుర్తు: గుండీలు పెట్టుకోవడం ఆలస్యమవుతుంది, చేతిరాత చిన్నదైపోతుంది, నడకలో ఒక చెయ్యి ఊగదు. ముసలివాళ్లకే వస్తుందనీ లేదు. హాలీవుడ్ నటుడు మైఖేల్ జె. ఫాక్స్‌కు 1991లో, 29 ఏళ్లకే బయటపడింది. ఆ తర్వాత కూడా ఆయన ఏళ్ల తరబడి నటించాడు.

అపోహ: "మా మామయ్యగారికి దేనిమీదా ఆసక్తి లేదండీ. మనవరాలు ఎదురొచ్చినా మొహంలో నవ్వుండదు."

వాస్తవం: నవ్వు లోపల ఉంటుంది. ముఖ కండరాలు దాన్ని బయటికి రానివ్వవు. గొంతూ అంతే. తాను మామూలుగానే మాట్లాడుతున్నాననుకుంటారు, పక్కన కూర్చున్నవాళ్లకే సరిగా వినబడదు. (నిజంగానే దిగులు పట్టుకోవడమూ ఈ జబ్బులో ఉంది, అది డాక్టరుకు చెప్పాలి.) నాటకం అక్కరకొచ్చేది ఇక్కడే. చివరి బెంచీకి వినబడే గొంతు, దూరానికీ తెలిసే కోపం, సంతోషం: రంగస్థలం అడిగేవి ఇవే. రాయబారం సీనులో పద్యానికి రాగం తియ్యాలంటే ముందు గుండె నిండా ఊపిరి పట్టాలి. పద్యనాటకాలు చూస్తూ పెరిగిన తరం కదా, గొంతు పెరగడానికి చేయించే ఉత్త "ఆ..." సాధన కన్నా కృష్ణుడి పద్యమే ఇష్టంగా అందుకుంటారని నా నమ్మకం.

అపోహ: నడకే కష్టమైతే స్టేజీ ఎక్కడమేమిటి?

వాస్తవం: మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోవడంతో, ఆలోచించకుండా అలవాటుగా చేసే కదలికలు ఎక్కువగా దెబ్బతింటాయి. మనసుపెట్టి వేసే అడుగుకు, తాళానికి వేసే అడుగుకు మెదడు వేరే దారి వెతుక్కోగలదు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ గేటు లాంటి ఇరుకు చోట కాళ్లు నేలకు అతుక్కుపోయిన మనిషే, "ఒకటి, రెండు" అని లెక్కపెట్టుకుంటేనో, నేలమీద టైల్ గీతను దాటాలనుకుంటేనో కదలగలుగుతాడు. వెనకనుంచి "జల్ది నడువు పెద్దాయనా" అంటే మాత్రం ఇంకా బిగుసుకుపోతాడు. నటుడు స్టేజీమీద ప్రతి అడుగూ అనుకునే వేస్తాడు. మన కోలాటంలో, బతుకమ్మ చప్పట్లలో ఆ తాళం ఉండనే ఉంది. బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ డాన్స్ గ్రూప్ 2001 నుంచి పార్కిన్సన్స్ ఉన్నవారికి నాట్యం నేర్పుతోంది. ఎల్బీనగర్‌లో ఒక కాలనీ కమ్యూనిటీ హాలు చాలు: జారని నేల, చేతులున్న కుర్చీలు, పడకుండా పట్టుకోవడానికి పక్కన ఓ మనిషి. కూర్చునే వేసే పాత్రలూ ఉంటాయి.

అపోహ: నాటకంతో జబ్బు నయమైతే మాత్రలు మానేయొచ్చు.

వాస్తవం: నయం కాదు. 2010లో ఇటలీ వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. మూడేళ్లపాటు 10 మంది నాటకం, మరో 10 మంది ఫిజియోథెరపీ చేస్తే, నాటకం చేసినవారే మెరుగ్గా ఉన్నారు. అయితే ఇరవై మందీ మందులు వాడుతున్నవాళ్లే, పైగా ఇరవై చిన్న సంఖ్య. ఈ జబ్బుకు వాడే లెవోడోపా మాత్రలను ఉన్నట్టుండి ఆపితే ప్రాణంమీదికి రావచ్చు. దూలగొండి గింజల్లో లెవోడోపా ఉన్నమాట నిజమే. అందుకే మాత్రలకు తోడు ఆ పొడిని సొంతంగా కలిపితే మోతాదు మించుతుంది. మార్పులేవైనా న్యూరాలజిస్టును అడిగాకే. వాళ్లుండే పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రికి ఎల్బీనగర్ నుంచి మెట్రోలో రైలు మారే పనిలేదు. రిహార్సల్ మాత్రం మాత్ర పనిచేసి ఒళ్లు తేలికపడిన వేళకే పెట్టుకోండి. ఆ వేళ దాటితే సీను రేపటికి.