అద్దె ఇల్లు - మరమ్మతుల బాధ్యత

వానకాలంలో పైకప్పు కారి, గోడలు ఉబ్బి, పెచ్చులు ఊడిపడుతున్నా ఇంటి యజమాని పట్టించుకోకపోతే, విసిగిన అద్దెదారు అద్దె కట్టడం మానివేస్తాడు. కోపం న్యాయమైనదే; మార్గం మాత్రం ప్రమాదకరం. బకాయిపడిన అద్దె, ఇల్లు ఖాళీ చేయించడానికి యజమానికి బలమైన కారణం కాగలదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను వేరొక దారి చూపుతున్నది. తాను చేయించవలసిన మరమ్మతును, నోటీసు అందిన పిమ్మట సముచితమైన గడువులోపల యజమాని చేయించని పక్షంలో, అద్దెదారు దానిని స్వయంగా చేయించుకొని ఆ ఖర్చును వడ్డీతోసహా అద్దెలో మినహాయించుకోవచ్చును. నెలకు 6000 రూపాయల అద్దె ఇంటిలో కప్పు బాగుచేయించడానికి 9000 రూపాయలైనవనుకొందాం. వడ్డీ మాట అటుంచితే, ఒక నెల అద్దె పూర్తిగానూ, మరుసటి నెల అద్దెలో సగమూ మినహాయింపు అవుతాయి. రాష్ట్ర అద్దె చట్టంలో ప్రత్యేక నిబంధనలుంటే వాటినీ చూసుకోవాలి.

ఇందులో కీలకమైన మాట 'తాను చేయించవలసిన' అన్నది. ఏ మరమ్మతు ఎవరి వంతో ఈ సెక్షను పట్టికగా చెప్పలేదు. ఒప్పంద పత్రమే ముఖ్యం. పదకొండు నెలల పత్రంపై చదవకుండానే సంతకం చేసేవారెందరో! నోటిమాటకు సాక్ష్యముండదు గనుక నోటీసును లిఖితపూర్వకంగా ఇచ్చి, దాని నకలును, తపాలా రశీదును, గోడల ఛాయాచిత్రాలను, సిమెంటు బిల్లులను, మేస్త్రీకిచ్చిన కూలి లెక్కను భద్రపరచుకోవాలి.

అగ్నిప్రమాదం, తుపాను, వరద వంటివాటి వలన ఇంటిలో ముఖ్యభాగం శాశ్వతంగా పనికిరాకుండా పోతే, ఒప్పందాన్నే రద్దు చేసుకొనే హక్కు అద్దెదారుకు అదే సెక్షను ఇచ్చింది. ఆ నష్టం అతని తప్పిదం వలన కలిగినదైతే ఆ హక్కు వర్తించదు.