అమ్మకమునకు విల్లా

ఇటలీ దేశమునందలి టస్కనీ సీమలో ఇండ్ల అమ్మకపు ప్రకటనలు చదువువారికి కొన్ని మాటలు పదే పదే కనబడుచుండును: విశాలమైన విల్లా, ఈతకొలను, ఆలివు చెట్లు, ఎదుట లోయ. ఈ మాటలన్నియు నిజమే కావచ్చును. అయితే ఆ యిల్లు అంత విశాలముగా ఏల కట్టబడినది? అది అమ్మకమునకు ఏల వచ్చినది? కొనువాడు ఇంటితోపాటు మరేమి కొనుచున్నాడు? ఈ మూడు ప్రశ్నలకును ప్రకటనలో సమాధానముండదు. వానిని విచారించుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

విల్లా అనునది లాటిను పదము. రోమనులు పొలమును ఆశ్రయించుకొని యున్న గృహమునకు ఈ పేరు పెట్టిరి. క్రీస్తు శకము మొదటి శతాబ్దమున వ్యవసాయశాస్త్రము వ్రాసిన కొలుమెల్లా, విల్లాకు మూడు భాగములుండవలెనని చెప్పినాడు: యజమాని నివసించు భాగమొకటి, పనివారును పశువులును ఉండు భాగమొకటి, నూనె, ద్రాక్షసారాయము, ధాన్యము నిలువచేయు భాగమొకటి. ఆ కాలపు చివరివాడైన చిన్న ప్లినీ తన టస్కనీ విల్లాను ఒక లేఖలో సవిస్తరముగా వర్ణించినాడు. అందు స్నానశాలలును, ఈతకొలనును కలవు. కావున పల్లెటి విల్లాలో కొలను క్రొత్త విలాసమేమియు కాదు. ఇటాలియను భాషలో కొలనుకు వాడు ‘పిషీనా’ అను పదము చేప అను అర్థము గల లాటిను పదమునుండి పుట్టినది. మొదట అది చేపల చెరువు.

ఇక నేడు విల్లాయని అమ్మబడు ఇండ్లన్నియు ప్రభువుల భవనములు కావు. వానిలో అనేకము పాలికాపుల ఇండ్లు. టస్కనీలో శతాబ్దముల తరబడి ‘మెద్జద్రీయా’ అను పాలుసేద్యము నడచినది. భూస్వామి పొలమును, ఇంటిని ఇచ్చును. రైతు కుటుంబము శ్రమను ఇచ్చును. పంటను చెరిసగము పంచుకొందురు. రైతులది ఉమ్మడి కుటుంబము. తల్లిదండ్రులు, కొడుకులు, కోడండ్రు, మనుమలు ఒకే కప్పు క్రింద ఉండెడివారు. ఇంటిపెద్దను ‘కపోచ్చా’ యనియు, ఇంటి పెత్తనము చేయు స్త్రీని ‘మస్సాయా’ యనియు పిలిచెడివారు. క్రింది అంతస్తులో ఎడ్ల కొట్టము, పై అంతస్తులో పెద్ద పొయ్యిగల వంటగదియు, దానిచుట్టు పడకగదులును ఉండెను. బయటినుండి రాతిమెట్లు, ప్రక్కన రొట్టెలు కాల్చు పొయ్యి, కొన్నియిండ్లపై పావురాల గూడు. నేటి ప్రకటనలో ‘విశాలమైన అతిథిశాల’ యని పేర్కొనబడు గది తరచుగా నాటి ఎడ్ల కొట్టమే. ఆ వైశాల్యము భోగము కొరకు ఏర్పడినది కాదు. పొలమునకు ఎందరి చేతులు కావలయునో అందరికి తలదాచుకొను చోటు కొరకు ఏర్పడినది. అనేక ఒడంబడికలలో కుటుంబమున ఎవరికైన వివాహము చేయుటకును భూస్వామి అనుమతి కావలసియుండెను.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఈ వ్యవస్థ కూలిపోయినది. కర్మాగారములలో నెల జీతము దొరకగా యువకులు పట్టణములకు తరలిరి. సగము పంట పరులకిచ్చి, విద్యుత్తు, మంచినీరు సరిగాలేని ఇండ్లలో ఉండుటకు వారు ఇష్టపడలేదు. 1964లో చేయబడిన చట్టము క్రొత్త పాలు ఒడంబడికలను నిషేధించినది. 1982 నాటి చట్టము మిగిలినవానిని కౌలుగా మార్చుకొనుటకు వీలు కల్పించినది. ఇండ్లు పాడువడెను. అప్పుడు ఉత్తర ఐరోపానుండి, పిమ్మట అమెరికానుండి వచ్చినవారు వానిని చౌకగా కొని, బాగుచేసి, కొలనులు త్రవ్వించిరి. కియాంతీ ప్రాంతమునకు ఆంగ్లేయుల కౌంటీ పేరువలె ‘కియాంతీషైర్’ అను పరిహాసనామము కలుగునంతగా వారి సంఖ్య పెరిగినది. పాడువడనున్న గోడలు నిలిచినవి. ఇది వారివలన కలిగిన మేలు. కాని ధరలు పెరిగి, ఆ యూరి యువకునికే ఆ యూర ఇల్లు అందరానిదైనది. ఇది రెండవ ప్రక్క.

కొనదలచినవారు తెలిసికొనవలసిన న్యాయ విషయములు కొన్ని కలవు. అచట మొదట ప్రాథమిక ఒప్పందము వ్రాసికొని బయానా ఇత్తురు. కొనువాడు మాట తప్పినచో బయానా పోవును. అమ్మువాడు తప్పినచో రెట్టింపు చెల్లింపవలెను. తుది దస్తావేజు నోటరీ యెదుట జరుగును. ఇంటి పటము, కట్టడము ఒకదానితో నొకటి సరిపోలవలెను. అనుమతి లేక త్రవ్విన కొలను కొనువాని మెడకు చుట్టుకొనును.

అన్నింటికంటె ముఖ్యమైనది ప్రక్క రైతు హక్కు. విల్లాతో సాగుభూమి కలసియున్నచో, పొరుగున స్వయముగా వ్యవసాయము చేయు భూయజమానికి ఆ భూమిని అదే ధరకు ముందుగా కొను హక్కు 1971 నాటి చట్టము ఇచ్చినది. అతనికి వర్తమానము పంపి ముప్పది దినములు గడువీయవలెను. అట్లు చేయకున్నచో, అమ్మకము నమోదైన నాటినుండి ఒక సంవత్సరములోగా అతడు ధర చెల్లించి ఆ భూమిని కొన్నవాని చేతినుండి తీసికొనవచ్చును. సేద్యము చేయువాని చేతిలో భూమి నిలువవలెనను ఆశయమే దీనికి మూలము.

చివరకు నీటి సంగతి. పండ్రెండు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతు గల కొలనుకు 1,08,000 లీటర్ల నీరు పట్టును. మనకు వర్షములు ఎండకాలము వెంటనే వచ్చును. మధ్యధరా ప్రాంతమున వేసవి వానలులేని కాలము, వర్షములు ప్రధానముగా శరత్తునను శీతకాలమునను కురియును. కొలను కావలసిన దినములలోనే నేల ఎండియుండును. 2022లో ఉత్తర ఇటలీలో పో నది తగ్గిపోగా ప్రభుత్వము అత్యవసర పరిస్థితిని ప్రకటించినది. ఇట్టి కరవు వేసవులలో కొలనులు నింపరాదని పురపాలకులు ఉత్తరువులు జారీచేయుట కలదు. కావున బుద్ధిమంతుడు ఇల్లెంత అందముగా నున్నదో చూచుటకు ముందు బావిలో నీరెంత కలదో విచారించును.

ఇల్లు కట్టినవారు నీటిని, పొలమును, మనుష్యులను లెక్కించి కట్టిరి. అమ్మకపు ప్రకటనలో గదుల లెక్క మాత్రమే మిగిలినది. తక్కిన లెక్కలను కొనువాడే వేసికొనవలెను.