వణుకుడు జబ్బు మాత్ర: కొనిచ్చేవారూ తెలుసుకోవలసినవి

పార్కిన్సన్స్‌ను మనవాళ్లు వణుకుడు జబ్బు అంటారు గానీ, చాలామందిని వణుకు కంటే ఒళ్లు బిగుసుకుపోవడం, అడుగు ముందుకు పడకపోవడమే ఎక్కువ కుంగదీస్తాయి. మెదడులో డోపమిన్ తగ్గడం దీనికి ముఖ్య కారణం. లెవోడోపా మెదడులోకి చేరి డోపమిన్‌గా మారుతుంది. ఆ మార్పు దారిలోనే జరిగిపోకుండా దానితో కార్బిడోపా కలుపుతారు. సిన్‌డోపా వంటి పేర్లతో దొరికేది ఈ జంటే.

మొదట్లో వికారం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం, పగటి మగత ఉండవచ్చు. మూత్రం, చెమట రంగు ముదిరితే భయం లేదు. కొన్నేళ్లు వాడాక కాళ్లూ చేతులూ వాటంతటవే మెలికలు తిరగవచ్చు. ఇంట్లో లేని మనుషులు కనిపిస్తున్నారని పెద్దాయన అంటే గాలి సోకిందనుకోకండి, డాక్టరుకు చెప్పండి.

అసలు చిక్కు ఇతర మందులతో వస్తుంది. వాంతి వస్తోందంటే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరుగుతున్నాయంటే సిన్నరిజిన్ లేదా స్టెమెటిల్ రాయడం మామూలు. ఇవి డోపమిన్ పనికే అడ్డుపడతాయి. మనిషి మళ్లీ బిగుసుకుపోతాడు. ఇంట్లోవాళ్లు జబ్బు ముదిరిందనుకుంటారు. అందుకే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పంటి నొప్పికైనా సరే, పాత చీటీ వెంట ఉండాలి. బీపీ మాత్రలు తోడైతే కళ్లు తిరగడం పెరగవచ్చు. ఐరన్ మాత్ర ఈ మందును ఒంటికి పట్టనివ్వదు, రెంటి మధ్య కనీసం 2 గంటల ఎడం ఉంచాలి. నాటుమందు కదా అని దూలగొండి గింజల పొడి కలిపితే, అందులోనూ లెవోడోపా ఉంటుంది, మోతాదు లెక్క తప్పుతుంది.

మాంసం, పప్పు, పాలలోని మాంసకృత్తులు కూడా మందుకు పోటీ వస్తాయి. అందుకే సాధారణంగా తిండికి అరగంట ముందు వేసుకోమంటారు.

రోజా ఉండాలనుకునేవారు రంజాన్‌కు ముందే డాక్టరుతో మాట్లాడాలి. రోజుకు మూడు నాలుగుసార్లు వేసుకునే మాత్రలను సహరీకి, ఇఫ్తార్‌కు సొంతంగా సర్దడం మంచిది కాదు.

హఠాత్తుగా ఆపితే తీవ్రమైన జ్వరం, ఒళ్లు కొయ్యబారడం, మతి తప్పడం వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. కొనిచ్చే దాతలకు ఒక మాట: సిన్‌డోపా 110, 125, 275 ఒకటి కావు, చీటీలో ఉన్నదే ఇవ్వండి. వచ్చే నెల ఇవ్వడం కుదరదని తెలిస్తే, డబ్బా ఖాళీ కాకముందే ఆ ఇంటికి కబురు పంపండి.