మూడు విజిల్స్ అంటే ఎన్ని నిమిషాలు?

ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం చదివే రోజుల్లో, అద్దె గదిలో తొలిసారి పప్పు వండాను. వంటల పుస్తకం పక్కనే తెరిచి పెట్టుకున్నాను. అందులో చెప్పినట్టే కందిపప్పు, చింతపండు, పసుపు, నీళ్లు అన్నీ కుక్కర్లో వేశాను. మంట పెద్దదిగా పెట్టాను. మూడు విజిల్స్ గబగబా వచ్చేశాయి. మూత తీసి చూస్తే పప్పు పలుకుపలుకుగానే ఉంది! పీడనం పెరిగితే నీటి మరుగు స్థానం ఎందుకు పెరుగుతుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, పప్పును మాత్రం మెత్తబరచలేకపోయాను. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ రెండే ప్రశ్నలు అడిగింది: “మంట సిమ్‌లో పెట్టావా నాన్నా? చింతపండు ముందే వేసేశావా?”

మొదటి ప్రశ్నలో భౌతికశాస్త్రం ఉంది, రెండో దానిలో రసాయనశాస్త్రం ఉంది. నా పుస్తకంలో లేనివి సరిగ్గా ఆ రెండే. కొత్తగా వంట నేర్చుకునేవారికి రాసే పుస్తకాలు చాలావరకు ఏం చేయాలో చెబుతాయి, ఎందుకు చేయాలో వదిలేస్తాయి. ఆ ‘ఎందుకు’ తెలియకపోతే పొయ్యి మారినా, గిన్నె మారినా, ఊరు మారినా వంట చెడుతుంది.

విజిల్ గడియారం కాదు

కుక్కర్ మూత మీది వెయిట్ లోపలి ఆవిరిని అంత తేలిగ్గా బయటకు పోనివ్వదు. లోపలి పీడనం బయటి గాలి పీడనం కన్నా దాదాపు ఒక వాతావరణ పీడనం మేర ఎక్కువయ్యేవరకు అది ఆవిరిని ఆపి ఉంచుతుంది. ఆ స్థితిలో నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాక సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పీడనం అంతకు మించితే వెయిట్ పైకి లేచి కొంత ఆవిరి బయటపడుతుంది. మనం విజిల్ అనేది దాన్నే.

అంటే ‘అవసరానికి మించి వేడి అందుతోంది’ అని చెప్పడమే విజిల్ పని. ఎంతసేపు ఉడికిందో అది చెప్పదు. పెద్ద మంట మీద విజిల్స్ వెంటవెంటనే వస్తాయి, చిన్న మంట మీద చాలాసేపటికి ఒకటి వస్తుంది. పప్పును ఉడికించేది విజిల్స్ సంఖ్య కాదు, ఆ అధిక ఉష్ణోగ్రతలో అది గడిపిన సమయం. అందుకే ‘మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి ఇన్ని నిమిషాలు ఉంచండి’ అని రాసిన పుస్తకం కొత్తవారికి ఎక్కువ మేలు చేస్తుంది.

ఊరి ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో మూత లేని గిన్నెలో నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లోనైతే 88 డిగ్రీల దగ్గరే. అక్కడ కుక్కర్ వాడినా లోపలి ఉష్ణోగ్రత సుమారు 115 డిగ్రీలకే చేరుతుంది. విశాఖపట్నంలో సరిపోయిన సమయం అక్కడ సరిపోదు.

రెట్టింపు బియ్యానికి రెట్టింపు నీళ్లా?

గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు అని పుస్తకం చెబుతుంది. రెండు గ్లాసుల బియ్యానికి నాలుగు పోస్తే అన్నం ముద్దవుతుంది. ఎందుకంటే మనం పోసే నీటిలో రెండు వాటాలుంటాయి. ఒకటి బియ్యం పీల్చుకునేది, ఇది బియ్యంతో పాటు పెరుగుతుంది. రెండోది ఆవిరైపోయేది. ఇది గిన్నె వెడల్పు, మూత, ఉడికే సమయాన్ని బట్టి ఉంటుంది తప్ప బియ్యం ఎంత అనేదాన్ని బట్టి కాదు.

మొదటి రెండు గ్లాసుల్లో ఒకటిన్నర బియ్యం పీల్చుకుంది, అరగ్లాసు ఆవిరైంది అనుకుందాం. అదే గిన్నెలో బియ్యం రెట్టింపు చేస్తే మూడు గ్లాసులు పీల్చుకుంటుంది, ఆవిరయ్యేది మళ్లీ అరగ్లాసే. మొత్తం మూడున్నర చాలు.

పులుపు ఆఖరున ఎందుకు?

పప్పు గింజలో కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పదార్థాల్లో పెక్టిన్ ముఖ్యమైనది. వేడినీటిలో అది కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. చింతపండు, టమాటా, మామిడికాయల్లోని ఆమ్లం ఆ కరగడాన్ని నెమ్మదింపజేస్తుంది. అందుకే పులుపు పప్పు ఉడికాక వేయాలి. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం కూడా పెక్టిన్‌ను గట్టిపరుస్తాయి. బోరు నీళ్లలో ఉడకని పప్పు మంచినీళ్లలో ఉడకడానికి కారణం అదే.

ఉల్లిపాయలదీ ఇలాంటి కథే. అయిదు నిమిషాల్లో ఎర్రగా వేగుతాయని కొన్ని పుస్తకాలు రాస్తాయి. కొత్తవారు అయిదు నిమిషాలయ్యాక చూసి తమకు వంట రాదనుకుంటారు. తప్పు వారిది కాదు. ఉల్లిపాయలో అధిక భాగం నీరే. ఆ నీరు పోయేవరకు ముక్కల ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. రంగు, కమ్మని వాసన తెచ్చే మెయిలార్డ్ చర్య అంతకన్నా ఎక్కువ వేడిలోనే, సుమారు 140 డిగ్రీల దగ్గర, జోరందుకుంటుంది.

ఇక్కడ మాత్రం ప్రయోగాలు వద్దు

ఇంతవరకు చెప్పిన పొరపాట్లకు పోయేది రుచి మాత్రమే. రాజ్మా విషయంలో అలా కాదు. పచ్చి రాజ్మా గింజల్లో ఫైటోహీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. సరిగా ఉడకని గింజలు కొన్ని తిన్నా తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. గింజలను కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో సలసల మరిగించాలి. ఆ ప్రోటీన్ నశించడానికి 10 నిమిషాలు మరగాలి. నిశ్చయంగా ఉండేందుకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 30 నిమిషాలు సూచిస్తోంది.

మన ఇళ్లలో ప్రెషర్ కుక్కర్ ఈ పని చేసిపెడుతుంది కాబట్టి పుస్తకాలు దీన్ని ప్రత్యేకంగా చెప్పవు. కానీ పై చదువులకు విదేశాలకు వెళ్లిన మన పిల్లలు అక్కడ సన్నని వేడిపై గంటల తరబడి ఉడికించే స్లో కుక్కర్ కొనుక్కుంటే? అందులో గింజలు మెత్తబడినట్టు కనిపించినా విషం నశించేంత వేడి అందకపోవచ్చు. అరకొర వేడిలో దాని ప్రభావం ఇంకా పెరుగుతుంది కూడా. ముందు పొయ్యిమీద మరిగించాకే స్లో కుక్కర్లో వేయాలి. కారణం తెలియకుండా పద్ధతి మాత్రమే నేర్చుకుంటే వచ్చే ప్రమాదం ఇది.

కొలత, గుర్తు, కారణం

అమెరికాలో ఫానీ ఫార్మర్ 1896లో తెచ్చిన వంటల పుస్తకం చెంచాను, కప్పును అంచుకు సమంగా కొలిచే పద్ధతికి ప్రచారం కల్పించింది. తమిళంలో మీనాక్షి అమ్మాళ్ 1951లో ‘సమైత్తు పార్’ తెచ్చారు. వండి చూడు అని దాని అర్థం. తెలుగులో మాలతీ చందూర్ ‘వంటలు - పిండివంటలు’ ఎన్నో ఇళ్లకు చేరింది. కాగితం మీది కొలతలు వంటను తల్లి పక్కన నిలబడి నేర్చుకునే అవకాశం లేనివారికీ అందించాయి.

అయితే కొలత ఒక్కటే చాలదు. మన పెద్దల మాటల్లో గుర్తులు కూడా ఉన్నాయి. పచ్చివాసన పోయేవరకు, నూనె పైకి తేలేవరకు, ఆవాలు చిటపటలాడాక, తీగపాకం వచ్చేదాకా... ఇవి ఏ పొయ్యి మీదైనా పనిచేసే కొలమానాలు. పాకం వేళ్ల మధ్య తీగలా సాగిందంటే అందులో నీరు తగ్గి చక్కెర గాఢత తగినంత పెరిగిందని అర్థం. థర్మామీటర్ లేకుండానే చేసే కొలత అది!

ఈసారి వంటల పుస్తకం కొనేటప్పుడు ఒక పేజీ తెరిచి చూడండి. ఎంత వేయాలో, ఎలా కనిపించాలో, ఎందుకలా చేయాలో మూడూ ఉన్నాయా? మూడోది లేకపోతే మీరే అంచులో పెన్సిల్‌తో రాసుకోండి. నా పాత పుస్తకంలో పప్పు పేజీ పక్కన ఇప్పటికీ రెండు మాటలుంటాయి: సిమ్‌లో పెట్టు. పులుపు తర్వాత.