యాల్టా నుంచి బెర్లిన్ వరకు: ప్రచ్ఛన్న యుద్ధానికి దారితీసిన దౌత్యం, హైదరాబాద్ సమస్య

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• యుద్ధకాల సమావేశాలలో కుదిరిన ఒప్పందాలను వరుసగా వివరించగలుగుతారు.
• ఆ ఒప్పందాలు అగ్రరాజ్యాల స్పర్ధకు ఎలా దారితీశాయో విశ్లేషించగలుగుతారు.
• 1948లో హైదరాబాద్ సమస్య భద్రతా మండలికి చేరిన తీరును అంతర్జాతీయ నేపథ్యంలో అర్థం చేసుకోగలుగుతారు.

1. పరిచయం

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి జర్మనీ, జపాన్ ఓడిపోయాయి. బ్రిటన్, ఫ్రాన్స్ గెలిచినా ఆర్థికంగా చితికిపోయాయి. తమ సరిహద్దుల అవతల కూడా రాజకీయాలను శాసించగల బలం అమెరికాకు, సోవియట్ యూనియన్‌కు మాత్రమే మిగిలింది. ఉమ్మడి శత్రువుపై కలిసి పోరాడిన ఈ రెండు దేశాలు 1948 నాటికి ఎదురెదురు శిబిరాలుగా నిలిచాయి. ఒకదానిపై ఒకటి నేరుగా యుద్ధానికి దిగకుండా దౌత్యం, ఆర్థిక సహాయం, ఆయుధ పోటీ, ప్రచారం ద్వారా సాగించిన ఈ స్పర్ధనే ప్రచ్ఛన్న యుద్ధం అంటాం.

దీనికి బాధ్యులెవరు అని అడిగితే స్టాలిన్ అనో, ట్రూమన్ అనో ఒక్క పేరు రాసి ముగించడం తేలిక. కాని అది విశ్లేషణ కాదు. యుద్ధకాలంలో మిత్రరాజ్యాలు కీలకమైన మాటలకు అర్థం తేల్చకుండానే ఒప్పందాలు చేసుకున్నాయి. హిట్లర్ ఎదురుగా ఉన్నంతకాలం ఆ అస్పష్టత స్నేహాన్ని నిలబెట్టింది. అతడు కూలిపోయిన తర్వాత అదే తగాదాకు మూలమైంది. ఈ పాఠంలో ప్రధానంగా గ్రహించవలసిన విషయం ఇదే.

2. యుద్ధకాల సమావేశాలు

టెహ్రాన్ (1943 నవంబర్ 28 – డిసెంబర్ 1): రూజ్వెల్ట్, చర్చిల్, స్టాలిన్ ముగ్గురూ తొలిసారి కలిసింది ఇక్కడే. ఫ్రాన్స్‌లో రెండో రణరంగాన్ని తెరవడానికి అంగీకారం కుదిరింది. అప్పటివరకు ఐరోపాలో జర్మన్ సైన్యపు ప్రధాన భారాన్ని మోసింది సోవియట్ సేనలే. రెండో రణరంగం ఆలస్యం కావడం సోవియట్ నాయకత్వంలో అనుమానాలను పెంచింది.

మాస్కో (1944 అక్టోబర్): చర్చిల్, స్టాలిన్ బాల్కన్ దేశాలలో పలుకుబడిని శాతాల చొప్పున పంచుకోవడం గురించి మాట్లాడుకున్నారు. రుమేనియాలో సోవియట్ యూనియన్‌కు 90 శాతం, గ్రీస్‌లో బ్రిటన్‌కు 90 శాతం అన్నది ఆ లెక్క. ఆయా దేశాల ప్రజలను ఎవరూ అడగలేదు.

యాల్టా (1945 ఫిబ్రవరి 4–11): విముక్తి పొందిన దేశాలలో స్వేచ్ఛాయుత ఎన్నికలు జరగాలని ముగ్గురూ ప్రకటించారు. పోలండ్ ప్రభుత్వాన్ని మరింత విస్తృతమైన ప్రజాస్వామిక ప్రాతిపదికపై పునర్వ్యవస్థీకరించాలన్నారు. పోలండ్‌లో అప్పటికే సోవియట్ సైన్యం ఉంది. ముప్పై ఏళ్లలో రెండుసార్లు జర్మన్ దండయాత్రను చూసిన స్టాలిన్ దృష్టిలో అక్కడ తనకు అనుకూలమైన ప్రభుత్వం ఉండటమే భద్రత. పాశ్చాత్య నాయకుల దృష్టిలో పోటీ పార్టీలు పాల్గొనే ఎన్నికలే ప్రజాస్వామ్యం. ఒకే పత్రంపై సంతకం చేసినవారు దాన్ని రెండు రకాలుగా చదువుకున్నారు.

యాల్టాలో తేలిన మరో రెండు అంశాలను గుర్తుంచుకోండి. మొదటిది, భద్రతా మండలిలో ఓటింగ్ పద్ధతి. కార్యక్రమ విధానానికి సంబంధించిన విషయాలకు 11 మందిలో ఏ 7 ఓట్లయినా చాలు. ముఖ్యమైన నిర్ణయాలకు మాత్రం శాశ్వత సభ్యుల సమ్మతి తప్పనిసరి. ఇదే వీటో. రెండోది, సోవియట్ యూనియన్‌లో భాగమైన ఉక్రెయిన్‌కు, బైలోరష్యాకు ఐక్యరాజ్యసమితిలో వేర్వేరు సభ్యత్వం. ఈ రెండు అంశాలూ 5వ విభాగంలో మళ్లీ అవసరమవుతాయి.

3. పోట్స్‌డామ్: నష్టపరిహారం, బొగ్గు

1945 జులై 17 నుంచి ఆగస్టు 2 వరకు జరిగిన పోట్స్‌డామ్ సమావేశం నాటికి పరిస్థితి మారిపోయింది. ఏప్రిల్ 12న రూజ్వెల్ట్ మరణించడంతో ట్రూమన్ అధ్యక్షుడయ్యాడు. సమావేశం మధ్యలోనే చర్చిల్ స్థానంలో అట్లీ వచ్చాడు. జులై 16న అమెరికా అణుబాంబును విజయవంతంగా పరీక్షించింది.

ఇక్కడి ప్రధాన వివాదం నష్టపరిహారం. యుద్ధంలో ధ్వంసమైన సోవియట్ యూనియన్ జర్మనీ నుంచి యంత్రాలు, సరుకులు కోరింది. జర్మనీ పరిశ్రమలకు గుండెకాయ వంటి రూర్ బొగ్గు ప్రాంతం బ్రిటిష్ మండలంలో ఉంది. చివరకు ఎవరి మండలం నుంచి వారు పరిహారం తీసుకోవాలని ఒప్పుకున్నారు. అదనంగా, పశ్చిమ మండలాలలో శాంతికాల ఆర్థిక వ్యవస్థకు అవసరం లేని పారిశ్రామిక యంత్రసామగ్రిలో 10 శాతం సోవియట్ యూనియన్‌కు ఉచితంగాను, మరో 15 శాతం ఆహారధాన్యాలు, బొగ్గు వంటి సరుకులకు బదులుగాను ఇవ్వాలన్నారు. ఈ ఏర్పాటు ఎక్కువ కాలం సాగలేదు. 1946 మేలో అమెరికా తన మండలం నుంచి యంత్రాల తరలింపును నిలిపివేసింది. జర్మనీ రెండుగా చీలడానికి ఆర్థిక పునాది ఇక్కడే పడింది.

బొగ్గు రాజ్యాధికారానికి ఎంత ముఖ్యమో గోదావరిఖని, రామగుండం ప్రాంతాల విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. నిజాం ప్రభుత్వం సింగరేణి కంపెనీ వాటాలను కొని, దాన్ని తన ఆధీనంలోకి తెచ్చుకున్నది కూడా 1945లోనే.

4. మాటల నుంచి కూటములకు

1946 మార్చి 5న చర్చిల్ అమెరికాలోని ఫుల్టన్‌లో ఐరోపాకు అడ్డంగా ఇనుప తెర దిగిందని ప్రసంగించాడు. 1947 మార్చి 12న ట్రూమన్ గ్రీస్, టర్కీలకు 40 కోట్ల డాలర్ల సహాయం కోరుతూ తన సిద్ధాంతాన్ని ప్రకటించాడు. జూన్ 5న మార్షల్ ప్రణాళిక ప్రతిపాదన వచ్చింది. దాన్ని తిరస్కరించిన సోవియట్ యూనియన్ సెప్టెంబర్‌లో కామిన్‌ఫారమ్‌ను నెలకొల్పింది. ప్రపంచం రెండు శిబిరాలుగా చీలిందని జ్దానోవ్ అక్కడే ప్రకటించాడు.

1948 జూన్‌లో పశ్చిమ మండలాలలో కొత్త కరెన్సీ ప్రవేశపెట్టగా, జూన్ 24న సోవియట్ యూనియన్ పశ్చిమ బెర్లిన్‌కు రోడ్డు, రైలు మార్గాలను మూసివేసింది. పాశ్చాత్య దేశాలు విమానాలతో నగరానికి సరుకులు చేరవేశాయి. అలా చేరిన సుమారు 23 లక్షల టన్నులలో దాదాపు మూడింట రెండు వంతులు బొగ్గే. వ్యాగన్లలో పోవలసిన బొగ్గు విమానమెక్కిందంటే పట్టుదల ఏ స్థాయికి చేరిందో ఊహించండి. 1949 ఏప్రిల్ 4న నాటో ఏర్పడింది. మే 12న దిగ్బంధం ముగిసింది.

5. భద్రతా మండలిలో హైదరాబాద్

బెర్లిన్ దిగ్బంధం సాగుతుండగానే హైదరాబాద్ సమస్య ఐక్యరాజ్యసమితికి చేరింది. 1947 నవంబర్ 29న భారత ప్రభుత్వంతో కుదిరిన యథాతథ ఒప్పందం తర్వాత చర్చలు ఫలించలేదు. రజాకార్ల దౌర్జన్యాలు పెరిగాయి. 1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం, సభ్యత్వం లేని రాజ్యం కూడా వివాదాన్ని మండలి దృష్టికి తేవచ్చునన్న 35వ అధికరణం ఆధారంగా ఫిర్యాదు చేసింది. మొయిన్ నవాజ్ జంగ్ దాని ప్రతినిధివర్గానికి నాయకుడు.

సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్‌లోకి ప్రవేశించింది. 16న పారిస్‌లో మండలి సమావేశమైంది. భారత ప్రతినిధి రామస్వామి మొదలియార్, హైదరాబాద్ స్వతంత్ర రాజ్యం కాదని, మండలికి ఈ విషయంలో అధికారం లేదని వాదించారు. అంశాన్ని చర్చకు చేపట్టడానికి అనుకూలంగా 8 ఓట్లు వచ్చాయి. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. చైనా, సోవియట్ యూనియన్, ఉక్రెయిన్ తటస్థంగా ఉన్నాయి. ఇది విధాన సంబంధమైన ఓటు కనుక వీటో ప్రసక్తి లేదు. యాల్టా సూత్రం ఆచరణలో ఇలా పనిచేసింది. ఉక్రెయిన్‌కు ఆ ఓటు దక్కింది కూడా యాల్టా వల్లనే.

మరునాడే నిజాం లొంగిపోయాడు. కొద్దిరోజులకు ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నట్లు తెలిపాడు. మండలి ఆ తర్వాత కూడా చర్చించింది గాని ఏ తీర్మానమూ చేయలేదు. అదే మండలి అదే నగరంలో అక్టోబర్‌లో బెర్లిన్ సమస్యను చేపట్టింది. 25న వచ్చిన తీర్మానానికి 9 ఓట్లు అనుకూలం. సోవియట్ యూనియన్, ఉక్రెయిన్ వ్యతిరేకం. సోవియట్ వీటోతో అది వీగిపోయింది. ఈ రెండు ఓట్లను పక్కపక్కన పెట్టి చూడండి. అగ్రరాజ్యం తన భద్రతకు ముఖ్యమనుకున్న చోట వీటో వాడింది. హైదరాబాద్ విషయంలో తటస్థతతో సరిపెట్టుకుంది.

6. ఒక హెచ్చరిక

ప్రపంచ పరిణామాలతో ముడిపెట్టాం కదా అని తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని ప్రచ్ఛన్న యుద్ధపు ఉత్పత్తిగా రాయకండి. దొడ్డి కొమరయ్య కడవెండిలో బలైంది 1946 జులై 4న. అప్పటికి ట్రూమన్ సిద్ధాంతమూ లేదు, జ్దానోవ్ ప్రసంగమూ లేదు. వెట్టిచాకిరీ, దేశ్‌ముఖ్‌ల భూ ఆక్రమణ, నిరంకుశ పాలన ఆ పోరాటానికి మూలాలు.

అయితే తర్వాతి దశపై అంతర్జాతీయ ప్రభావం లేదనడమూ సరికాదు. 1948 కలకత్తా మహాసభలో కమ్యూనిస్టు పార్టీ చేపట్టిన తీవ్ర పంథాకు రెండు శిబిరాల సిద్ధాంతంతో సంబంధం ఉంది. 1951 ప్రారంభంలో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయ్ ఘోష్, డాంగే మాస్కోలో స్టాలిన్‌తో చర్చించారు. ఆ అక్టోబర్‌లో పోరాట విరమణ ప్రకటన వెలువడింది. పుట్టుక స్థానికం, గమనంలో అంతర్జాతీయ ప్రభావం. ఈ తేడాను మీ సమాధానంలో స్పష్టంగా చూపించాలి.

7. సారాంశం

యుద్ధకాల దౌత్యం విజయాన్ని సాధించింది గాని శాంతికి ఉమ్మడి నిర్వచనాన్ని ఇవ్వలేకపోయింది. పోలండ్, నష్టపరిహారం, జర్మనీ భవిష్యత్తు అనే ప్రశ్నలు తేలకపోవడంతో అనుమానాలు కూటములుగా మారాయి. ఆ దౌత్యం రూపొందించిన నియమాలే హైదరాబాద్ సమస్యపై చర్చ నడిచిన తీరునూ నిర్ణయించాయి.

8. నమూనా ప్రశ్నలు

1. యాల్టా ఒప్పందంలోని అస్పష్టత పోలండ్ విషయంలో ఎలా బయటపడింది?
2. జర్మనీ విభజనలో నష్టపరిహార వివాదం పాత్రను వివరించండి.
3. హైదరాబాద్, బెర్లిన్ అంశాలపై 1948లో భద్రతా మండలిలో జరిగిన ఓటింగ్‌ను పోల్చండి.
4. తెలంగాణ సాయుధ పోరాటంలో స్థానిక కారణాలను, అంతర్జాతీయ ప్రభావాలను వేరుచేసి చర్చించండి.